సంతాన చికిత్సలు – దంపతుల మనోవ్యధ

తెలుగు వ్యాకరణం చదువుకొన్న వారికి రుగాగమ సంధి జ్ఞాపకముండక పోదు. ‘పేద’ మొదలైన కొన్ని శబ్దాలకు ‘ఆలు’ అనే శబ్దం పరమైనప్పుడు నడుమ ఒక రేఫం వచ్చి చేరుతుంది. పేదరాలు, బీదరాలు, మనుమరాలు, బాలెంతరాలు అని ఉదాహరణలు చెప్పుకొంటూ పోయి, ఆ వరుసలోనే గొడ్డురాలు అనే మాటను కూడ పిల్లలచేత వల్లె వేయించటం మన బడులలో పరిపాటి. బాలెంతరాలు, గొడ్డురాలు ఒకే సూత్రంలో ప్రక్కప్రక్కన ఒదిగి ఉన్నవి. లోకంలో మాత్రం బాలెంతరాలి గదిలో గొడ్డురాలు అడుగు పెట్టరాదన్నది ఎన్నో ఇండ్లలో కట్టుబాటు. ఇంకొక విశేషం గమనించండి. పేదరాలికి జతగా పేదవాడు ఉన్నాడు. మనుమరాలికి జతగా మనుమడు ఉన్నాడు. గొడ్డురాలికి జతగా నిలువదగిన పురుషవాచకం మన నిత్యవ్యవహారంలో లేనే లేదు.

ఒక జాతి ఏ దుఃఖాన్ని ఎవరి నెత్తిన పెట్టినదో ఆ జాతి మాటలే సాక్ష్యం చెప్పుతవి. సంతానం లేకపోవటం ఇద్దరి కష్టం. దాని నింద మాత్రం చిరకాలంగా ఒకరిదే. గత రెండు శతాబ్దాలలో వైద్యశాస్త్రం ఈ కష్టానికి అనేక చికిత్సలు కనిపెట్టినది. ఒక్కొక్క చికిత్స వెంట ఒక్కొక్క క్రొత్త ఆశ వచ్చినది. ఆశ వెంట ఒక్కొక్క క్రొత్త మనోవ్యధ కూడ వచ్చినది. ఆ వ్యధను వైద్యులు మొదట చూడలేదు. పిదప చూచి, తలక్రిందులుగా అర్థం చేసికొన్నారు. కడపట, మన కాలంలోనే, ఉన్నదున్నట్లు గ్రహించినారు. ఈ మూడు దశలను వరుసగా పరిశీలించటం ఈ ప్రసంగ విషయం.

ప్రాచీనుల దృష్టి ఈ విషయంలో మనం అనుకొనేటంత సంకుచితం కాదు. దశరథుడు పుత్రకామేష్టికి తానే దీక్ష వహించినాడు. దిలీపుడు సుదక్షిణతో కలసి వసిష్ఠాశ్రమానికి వెళ్ళి, నందినీధేనువును స్వయంగా సేవించినాడు. ఈ రెండు కథలలోను వ్రతభారం భార్య ఒక్కతెపై పడలేదు. సుశ్రుతుడు గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ సమకూరవలెనని చెప్పినాడు. ఆయుర్వేదంలోని అష్టాంగాలలో వాజీకరణం ఒకటి. పురుషుని బీజంలోనూ లోపం ఉండవచ్చునని మన వైద్యులు ఎరుగుదురనటానికి అదియే నిదర్శనం. గర్భం నిలుచుటకు తోడ్పడే వాటిలో మనఃప్రసాదాన్ని చరకుడు మిక్కిలి ఎన్నిక చేసినాడు. మనస్సుకూ సంతానానికీ ముడి ఉన్నదన్న ఊహ అంత ప్రాచీనమైనది. ఆ ఊహ ఇరవయ్యవ శతాబ్దంలో ఎట్టి వికృతరూపం దాల్చినదో ముందు చూడగలరు.

వైద్యుడు ఇట్లు చెప్పగా, ధర్మశాస్త్రకారుడు మరొక రీతిగా చెప్పినాడు. వంధ్య అయిన భార్యను ఎనిమిదవ ఏట విడనాడి మరొకతెను పెండ్లియాడవచ్చునని మనుస్మృతి అనుమతి ఇచ్చినది. లోకం వైద్యుని మాట విడిచి స్మృతికారుని మాట పట్టుకొన్నది. హిందూ వివాహచట్టం 1955లో ద్వితీయవివాహాన్ని నిషేధించేవరకు, సంతానం లేని ఇంటిలో సవతి అడుగు ఎప్పుడు వినబడునో అన్న భయం వట్టి భయం కాదు. కనుకనే సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకొన్న చేతులలోను, రావిచెట్టు క్రింది నాగప్రతిమలకు పాలు పోసిన చేతులలోను, చెట్టుకొమ్మకు చిన్న ఊయల కట్టిన చేతులలోను భక్తితోపాటు వణుకు కూడ ఉండినది. అయినను ఆ మ్రొక్కులలో ఒక ఊరట లేకపోలేదు. మ్రొక్కు బహిరంగమైనది, కష్టం నలుగురికీ తెలిసినది, ఫలం దైవాధీనం. వైద్యచికిత్స వచ్చిన తరువాత ఈ కష్టం తలుపులు మూసిన గదిలోకి వెళ్ళినది.

పదునెనిమిదవ శతాబ్దం చివరి భాగంలో లండను నగరాన జాన్ హంటరు అనే ప్రఖ్యాత శస్త్రవైద్యుని వద్దకు ఒక వస్త్రవర్తకుడు వచ్చినాడు. మూత్రద్వారపు జన్మలోపం వలన అతనికి సంతానయోగం లేకుండినది. భర్త వీర్యాన్ని పిచికారితో భార్య శరీరంలో ప్రవేశపెట్టే ఉపాయాన్ని హంటరు సూచించినాడు, గర్భం నిలిచినది. హంటరు మరణించిన తరువాత, 1799లో, అతని బావమరిది ఎవరార్డ్ హోమ్ ఈ ఉదంతాన్ని శాస్త్రలోకానికి వెల్లడించినాడు. కృత్రిమ గర్భధారణ చరిత్రలో నమ్మదగిన తొలి మానవోదాహరణ ఇది. ఆ వర్తకుడు, ఆతని భార్య ఏమి అనుభవించినారో ఒక్క పంక్తి అయినను వ్రాయబడలేదు. వైద్యచరిత్రలో దంపతుల మనస్సు ఇట్లు మౌనంతోనే ప్రవేశించినది.

తరువాతి శతాబ్దపు అమెరికాలో మారియన్ సిమ్స్ అనే స్త్రీవైద్యుడు ఇదే పద్ధతిని 55 సారులు ప్రయత్నించినాడు. ఒక్క గర్భం మాత్రమే నిలిచినది; అదియు స్రవించిపోయినది. నెలలో అండం విడుదల అయ్యే దినాలేవో నాటి వైద్యానికి తెలియకపోవటం ఇందుకు ముఖ్యకారణం. జపానులో ఓగినో, ఆస్ట్రియాలో క్నావుస్ అనే వైద్యులు ఆ రహస్యాన్ని 1920వ దశకంలో వేరువేరుగా కనుగొన్నారు. అప్పటివరకు స్త్రీలు పొందిన చికిత్సలు గురి తెలియక విడిచిన బాణాలవంటివి. తగలని ప్రతి బాణం తన లోపమేనని ఆ స్త్రీ తలచినది.

మౌనం మోసంగా మారిన ఉదంతం 1884లో ఫిలడెల్ఫియా నగరంలో జరిగినది. ఒక ధనిక వర్తకుని భార్య సంతానం కొరకు విలియం పాంకోస్ట్ అనే ఆచార్యుని ఆశ్రయించినది. ఆమెను పలుమారులు పరీక్షించి, లోపమేమియు కానక, చివరకు భర్తను పరీక్షించగా లోపం అతనిదేనని తేలినది. అప్పుడు ఆ వైద్యుడు ఆమెకు క్లోరోఫారం ఇచ్చి, తన విద్యార్థులలో ఒకని వీర్యంతో గర్భధారణ చేయించినాడు. ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. భర్తకు తరువాత చెప్పినారు. భార్యకు చెప్పవద్దని భర్త కోరినాడు. ఆమెకు కుమారుడు కలిగినాడు. నాడు అక్కడ ఉండిన శిష్యులలో ఒకడైన ఆడిసన్ డేవిస్ హార్డ్ 1909లో ఒక వైద్యపత్రికకు లేఖ వ్రాసి ఈ గుట్టు రట్టు చేసినాడు. పరాయి బీజంతో జరిగిన తొలి చికిత్సగా గ్రంథాలు దీనిని ఎంచుతవి. ఎవరి శరీరంలో ఆ చికిత్స జరిగినదో ఆమె అనుమతి లేకుండగనే జరిగినదన్నది అంతకంటె ముఖ్యమైన విషయం.

ఇరవయ్యవ శతాబ్దంలో దాతృవీర్య చికిత్స రహస్యంగానే విస్తరించినది. లండనులో మేరీ బార్టను అనే వైద్యురాలు, ఆమె సహచరులు 1945లో తమ అనుభవాన్ని బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించగా పెద్ద అలజడి రేగినది. ఈ చికిత్సను నేరంగా పరిగణించవలెనని కాంటర్‌బరీ మతాచార్యుడు నియమించిన సంఘం 1948లో సిఫారసు చేసినది. ఇట్టి వాతావరణంలో వైద్యులు దంపతులకు ఇచ్చిన సలహా ఒక్కటే: ఎవరికీ చెప్పవద్దు, బిడ్డకూ చెప్పవద్దు. తక్కిన చికిత్సల శ్రమ ఫలం లభించినంతనే తీరవచ్చును. ఈ చికిత్సలో అసలు శ్రమ బిడ్డ పుట్టిన తరువాత ఆరంభమగును. బిడ్డ ఎవరి పోలిక అని చుట్టాలు అడిగిన ప్రతిసారి తండ్రి చిరునవ్వు నవ్వవలెను. తల్లి మాట మార్చవలెను. దాత ఎవరో తెలిసికొనే హక్కును బిడ్డలకు ఇచ్చిన చట్టం స్వీడనులో 1985లోను, బ్రిటనులో 2005లోను అమలులోకి వచ్చినది. మన దేశంలో దాత పేరు నేటికీ గోప్యమే.

ఇక రెండవ దశకు వత్తము. మనోవ్యధను వైద్యులు చూచినారు. కాని కార్యాన్ని కారణమని భ్రమపడినారు. ఫ్రాయిడు సంప్రదాయానికి చెందిన హెలెనె డాయిచ్ స్త్రీమనస్తత్వాన్ని గూర్చి రచించిన గ్రంథం రెండవ సంపుటం 1945లో వెలువడినది. సంతానలేమికి స్త్రీ అంతరంగంలోని భయాలూ, మాతృత్వంపట్ల ఆమె ఎరుగని విముఖతా కారణం కావచ్చునన్న వాదానికి అది బలం చేకూర్చినది. తరువాతి రెండు దశకాలలో, ముఖ్యంగా అమెరికాలో, పరీక్షలకు కారణం దొరకని ప్రతి స్త్రీని మనోవిశ్లేషకుని వద్దకు పంపటం నాగరికమైన వైద్యమనిపించుకొన్నది. ఆమె ఏడ్చిన యెడల అది ఆందోళన. ఆ ఆందోళనయే కారణం. ఏడ్వని యెడల అది అణచుకొన్న విముఖత, అదియే కారణం. నింద నుండి తప్పించుకొనే దారి ఎటూ లేదు. పూర్వం గ్రహాలు, పాపాలు చేసిన పనిని ఇప్పుడు అచేతన మనస్సు చేసినది.

ఈ వాదం మన వాకిళ్ళలోనికి కూడ మారువేషంలో వచ్చినది. ‘బెంగ పెట్టుకొనకు, అదే కలుగుతుంది’ అన్న ఓదార్పులో ‘నీ బెంగయే అడ్డు’ అన్న ఆరోపణ దాగి ఉన్నది. ఒక బిడ్డను పెంచుకొన్న యెడల తమ కడుపు కూడ పండునన్న నమ్మకం మన ఊళ్ళలోను ఉన్నది, అమెరికాలోను ఉండినది. దత్తత తీసికొన్న దంపతులను, తీసికొనని దంపతులను పోల్చి చూచిన పరిశోధనలు ఆ నమ్మకాన్ని బలపరచలేదు. ఉదరకుహరాన్ని దుర్భిణితో చూచే లాపరోస్కోపీ, రక్తంలో హార్మోనులను కొలిచే పరీక్షలు అభివృద్ధి చెందిన కొలది, ‘మానసిక కారణం’ అని చెప్పబడిన ఎందరిలోనో మూసుకొనిపోయిన నాళాలు, అండం విడుదల కాని లోపాలు, భర్త వీర్యంలోని కొరతలు బయటపడినవి. పరీక్ష తెలియని చోట మనస్సును నిందించటం జరిగినదన్న మాట.

ఈ కాలంలోనే మన దేశంలో మరొక విశేషం జరిగినది. జననాలను తగ్గించుకొనుటకు జాతీయ కార్యక్రమం చేపట్టిన తొలి దేశం భారతదేశం. అది 1952వ సంవత్సరం. దేశానికి ఆ కార్యక్రమం అవసరమైనదే. ఎర్రత్రికోణం గోడగోడకు ఎక్కినది. ‘చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం’ అన్న మాట రేడియోలోను మ్రోగినది. బిడ్డలు ఎక్కువైన ఇంటికి ఆ మాట హితవు. బిడ్డయే లేని ఇంటిలో ఆ మాట వినబడినప్పుడు ఆ దంపతులు ఒకరి ముఖం ఒకరు చూచుకొని ఉండవచ్చును. జనాభాను ఒక సమస్యగా భావించిన కాలంలో, సంతానం లేని వారి సమస్య ఎవరి లెక్కలోను చేరలేదు.

హార్మోను చికిత్సలు 1960వ దశకంలో రంగంలోకి వచ్చినవి. స్వీడనులో కార్ల్ గెమ్‌జెల్ మానవ పిట్యూటరీ గ్రంథుల నుండి తీసిన పదార్థంతో అండోత్పత్తిని సాధించినాడు. ఇటలీలో పియెరో డోనినీ ముట్లుడిగిన స్త్రీల మూత్రం నుండి ఇట్టి మందును తయారు చేసినాడు. కన్యాశ్రమాలలోని వృద్ధ సన్యాసినులు అందుకు తోడ్పడినారు. ఇజ్రాయేలులో బ్రూనో లూనెన్‌ఫెల్డ్ ఆ మందుతో తొలి ఫలితాలు సాధించినాడు. క్లోమిఫీన్ అనే మాత్ర అమెరికాలో 1967లో అనుమతి పొందినది. ఈ మందులు లక్షల ఇండ్లలో దీపం పెట్టినవి. కాని వాటితో ఒక పంచాంగం కూడ పడకగదిలో ప్రవేశించినది. ఉదయం లేవగనే ఉష్ణమాపకం, గోడమీద గుర్తులు, వైద్యుడు నిర్ణయించిన రాత్రి. దాంపత్యంలో స్వేచ్ఛగా ఉండవలసినది విధిగా మారినది. బయటివారికి ఇది అల్పమైన చికిత్సగా తోచును. కాని దీని శ్రమ ఒక్క పెద్ద దెబ్బ కాదు. ప్రతినెలా పడే చిన్న దెబ్బ. ఇరువది ఎనిమిది దినాలకొకసారి ఆశ పుట్టి, ఇరువది ఎనిమిది దినాలకొకసారి చచ్చుట.

ఇంగ్లండులోని ఓల్డుహామ్ పట్టణంలో 1978వ సంవత్సరం జూలై 25వ తేదీన లూయీ బ్రౌన్ అనే బాలిక జన్మించినది. గర్భాశయానికి వెలుపల, గాజుపాత్రలో ఫలదీకరణమైన అండం నుండి పుట్టిన తొలి శిశువు ఆమె. శాస్త్రజ్ఞుడు రాబర్టు ఎడ్వర్డ్స్, శస్త్రవైద్యుడు పాట్రిక్ స్టెప్టో, పరిశోధనాగారాన్ని నడిపిన జీన్ పర్డీ ఈ ముగ్గురి కృషి అది. తల్లి లెస్లీ బ్రౌన్‌కు రెండు గర్భనాళాలూ మూసుకొనిపోయినవి. తొమ్మిది సంవత్సరాల నిరీక్షణలో ఆమె తీవ్రమైన నిస్పృహకు లోనైనది. ఇట్టి శిశువులు అప్పటికే పలువురు పుట్టి ఉన్నారని తాను అనుకొన్నట్లు ఆమె తరువాత చెప్పుకొన్నది. ప్రసవానికి ముందు పత్రికలవారి నుండి దాగవలసి వచ్చినది. ప్రసవం తరువాత అభినందనలతోపాటు ద్వేషంతో నిండిన ఉత్తరాలు కూడ వచ్చినవి.

చరిత్ర లూయీని జ్ఞాపకముంచుకొన్నది. జ్ఞాపకముంచుకొనవలసినవారు ఇంకా ఉన్నారు. ఓల్డుహామ్ ప్రయోగపుస్తకాలను అనేక సంవత్సరాల తరువాత పండితులు పరిశీలించగా, 1969 నుండి 1978 వరకు 282 మంది స్త్రీలు ఆ ప్రయోగాలలో పాల్గొన్నట్లు తేలినది. వారిలో గర్భాలు నిలిచినవి ఐదు. సజీవంగా పుట్టిన బిడ్డలు ఇద్దరు. తక్కినవారు శస్త్రచికిత్సలకు శరీరాన్ని అప్పగించి, దూరప్రయాణాలు చేసి, ఒట్టిచేతులతో ఇంటికి మరలినారు. ఎడ్వర్డ్సుకు 2010లో నోబెల్ బహుమానం వచ్చినది. నేడు లోకంలో ఈ విధానంతో జన్మించిన లక్షలాది బిడ్డలు ఆ నిష్ఫల యాత్రికులకు కూడ ఋణపడి ఉన్నారు.

లూయీ పుట్టిన 70 దినాలకు, 1978 అక్టోబరు 3వ తేదీన, కలకత్తాలో మన దేశపు తొలి శిశువు దుర్గ జన్మించినది. దానిని సాధించిన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ వద్ద ఇంగ్లండు వైద్యులకు ఉన్న సాధనసంపత్తి లేదు. ప్రభుత్వం నియమించిన విచారణసంఘం ఆయనను నమ్మలేదు. ఆయన 1981 జూన్ 19న ఆత్మహత్య చేసికొన్నారు. అధికార గుర్తింపు పొందిన తొలి శిశువు హర్ష 1986 ఆగస్టు 6న బొంబాయిలో పుట్టినది. ఆ విజయంలో భాగస్వామి అయిన శాస్త్రజ్ఞుడు టి. సి. ఆనందకుమార్ గారే, కలకత్తా వైద్యుని కాగితాలను చదివి, అగ్రస్థానం ఆయనదేనని 1997లో లోకానికి చాటినారు. సంతానచికిత్సను చుట్టుముట్టిన అపనమ్మకం, అపహాస్యం వైద్యునే బలిగొన్నవి. ఆ రోజులలో అట్టి చికిత్స పొందిన దంపతులు తమ సంగతిని నలుగురిలో చెప్పుకొనలేకపోవటంలో ఆశ్చర్యమేమున్నది?

బెల్జియం రాజధాని బ్రసెల్సులో 1992లో మరొక మెట్టు ఎక్కినారు. ఒక్క వీర్యకణాన్ని సన్నని సూదితో అండంలో ప్రవేశపెట్టే విధానం అది. పురుషుని లోపానికి ఇంత శక్తిమంతమైన చికిత్స అంతకుముందు లేదు. కాని ఇందులో ఒక వైపరీత్యం చూడండి. లోపం భర్తది అయినను, దినదినమూ సూదిమందులు వేయించుకొనేది భార్య. మత్తుమందు తీసికొని అండాలను ఇచ్చేది భార్య. భర్త ప్రక్కన కూర్చుండి, తన మూలంగా ఆమె నొచ్చుకొనుచున్నదన్న అపరాధభావంతో క్రుంగుతాడు; ఆ మాట పైకి చెప్పడు. అతడు గట్టివాడుగా ఉండవలెనని అందరూ కోరుదురు. అతని మౌనం భార్యకు నిర్లక్ష్యంవలె కనిపించును. ఒకే దుఃఖం ఇద్దరినీ రెండు గదులలో కూర్చుండబెట్టును.

మనోవ్యధను సరిగా గ్రహించిన మూడవ దశను ఆరంభించినది గొప్ప వైద్యాచార్యులు కారు. తానే సంతానలేమిని అనుభవించిన బార్బరా ఎక్ మెన్నింగ్ అనే నర్సు 1974లో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో ‘రిజాల్వ్’ అనే సంస్థను స్థాపించినది. సంతానం లేని దంపతులు ఒకచోట కూడి తమ కష్టాన్ని చెప్పుకొనే ఏర్పాటు అది. ఈ దుఃఖంలో విస్మయం, నిరాకరణ, కోపం, ఒంటరితనం, అపరాధభావం, శోకం ఒకదాని వెంట ఒకటి వచ్చునని, వాటిని దాటి మనస్సు కుదుటపడగలదని ఆమె వివరించినది. మరణించినవారికొరకు ఏడ్చుటకు లోకం అనుమతించును, కర్మకాండ ఉన్నది, పరామర్శ ఉన్నది. పుట్టనే పుట్టని బిడ్డకొరకు ఏడ్చుటకు ఏ కర్మకాండ ఉన్నది? ఈ ప్రశ్ననే ఆమె వైద్యలోకం ముందు పెట్టినది.

అటుపిమ్మట కొలతలు వచ్చినవి. గాజుపాత్ర విధానం ఆరంభించబోతున్న 200 జంటలను ఫిలడెల్ఫియాలో ప్రశ్నించి 1985లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, స్త్రీలలో సుమారు సగం మంది తమ జీవితంలో అన్నిటికంటె పెద్ద కష్టం ఇదియేనన్నారు. పురుషులలో ఆ మాట అన్నవారు 15 శాతం. సంతానం లేని స్త్రీల ఆందోళన, నిస్పృహలు క్యాన్సరు, గుండెజబ్బు ఉన్నవారితో పోల్చదగినంత ఉన్నవని 1993లో బోస్టను పరిశోధకురాలు ఆలిస్ డోమర్, ఆమె సహచరులు చూపినారు. చికిత్సాకాలంలో దినచర్య వ్రాయించి చూచినవారికి మరొక సంగతి తెలిసినది. సూదిమందుల దినాల కంటె, అండాలను తీసే దినమూ, ఫలితంకొరకు కాచుకొనే చివరి దినాలూ మనస్సుకు ఎక్కువ బరువు. పిండాన్ని గర్భాశయంలో ఉంచిన తరువాత దాదాపు రెండు వారాలు వైద్యునికీ పని లేదు, రోగికీ పని లేదు. కాచుకొనుట ఒక్కటే పని. చికిత్స వ్యయాన్ని ప్రజాధనమే భరించే స్వీడనులో సైతం, అర్హమైన ప్రయత్నాలన్నీ పూర్తి చేయకమునుపే ఎందరో విరమించుకొనుట 2004లో ప్రకటితమైనది. మానసికంగా అలసిపోవుట అందుకు ముఖ్యకారణాలలో ఒకటి. చేతినుండి ధనం వ్యయం చేయవలసిన మన దేశంలో ఆ అలసటకు అప్పుల బరువు కూడ తోడగును.

మరి బెంగయే అడ్డు అన్న పాత ఆరోపణ ఏమైనది? బ్రిటనులోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ బోయివిన్, ఆమె సహచరులు 14 పరిశోధనలలోని 3583 మంది స్త్రీల వివరాలను క్రోడీకరించి 2011లో తీర్పు చెప్పినారు. చికిత్సకు ముందు ఎక్కువ ఆందోళన చెందినవారికీ, తక్కువ చెందినవారికీ ఆ విడత చికిత్సాఫలితంలో చెప్పుకోదగిన తేడా లేదు. భయపడినందువలన చికిత్స విఫలం కాదు. ఏడ్చినందువలన పిండం నశించదు. ఈ ఒక్క వాక్యం ఏ మందుకూ తీసిపోని ఓదార్పు. మనస్సుకు చేయూత ఇవ్వవలసినది ఫలం కలుగుటకు కాదు; మనిషి బాధపడుచున్నాడు కనుక. ఫలం కలుగని వారిలో కూడ అధికసంఖ్యాకులు కాలక్రమాన కోలుకొందురనీ, జీవితానికి మరొక గమ్యం ఏర్పరచుకొనుట అందుకు తోడ్పడుననీ తరువాతి పరిశోధనలు చెప్పినవి. కోలుకొనలేని కొందరికి నిపుణుల సహాయం అవసరం.

చట్టాలు ఈ ఎరుకను మెల్లగా అందుకొన్నవి. బ్రిటనులో వార్నాక్ సంఘం 1984లో చేసిన సూచనలను అనుసరించి, చికిత్సకు ముందు దంపతులకు తగిన కౌన్సెలింగు పొందే అవకాశం కల్పించవలెనని 1990 నాటి చట్టం విధించినది. యూరపు ఖండపు సంతానవైద్యుల సంఘం 2015లో మానసిక సంరక్షణను నిత్యచికిత్సలో భాగంగా అందించుటకు మార్గదర్శక సూత్రాలు ప్రకటించినది. మన పార్లమెంటు 2021లో చేసిన సహాయక పునరుత్పత్తి విధానాల చట్టం, జయాపజయాల అవకాశాలను, వ్యయాన్ని, దుష్ఫలితాలను దంపతులకు వివరించి కౌన్సెలింగు చేయుట వైద్యశాలల విధి అని నిర్దేశించినది. ఫిలడెల్ఫియాలో క్లోరోఫారం మత్తులో జరిగినది మొదలు ఈ నిర్దేశం వరకు 137 సంవత్సరాలు పట్టినది. తెలిసికొని సమ్మతించుట, తెలిసి దుఃఖించుట, ఈ రెండు హక్కులనూ సంతానార్థులు ఇంత దీర్ఘకాలం వేచి సంపాదించుకొన్నారు.

చట్టం వైద్యశాల గడప వరకే రాగలదు. ఇంటి గడప లోపల జరుగవలసినది మన చేతిలోనే ఉన్నది. లోకంలోని పెద్దలలో ఆరుగురికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసినది. అనగా ప్రతి బంధువర్గంలోను, ప్రతి వీధిలోను వీరు ఉన్నారు. పెండ్లిళ్ళలో, పేరంటాలలో, రైలు ప్రయాణాలలో మనం అలవోకగా వేసే ప్రశ్న ఒకటున్నది: ‘ఏమమ్మా, ఏమైనా విశేషమా?’ అడిగినవారు మరునిమిషమే మరచిపోదురు. విన్న ఆమె ఆనాడు కాచుకొనే పదునాలుగు దినాలలో ఏ దినాన ఉన్నదో మనకు తెలియదు. ఆ ప్రశ్న మానుకొనుటకు శాస్త్రజ్ఞానం అక్కరలేదు. ఆమెను సీమంతానికి, నామకరణానికి అందరితోపాటు పిలిచి, రాకపోయిన యెడల తప్పుపట్టక ఉండుటకు ధనం అక్కరలేదు. భర్తను కూడ ఒక్కమారు ప్రక్కకు పిలిచి, ‘నీవు ఎట్లున్నావు నాయనా?’ అని అడుగుటకు ఏ చట్టమూ అక్కరలేదు.